అట్టముక్క పట్టుకున్న బాలుడు

2022 రమజాన్ నెలలో ఒక రాత్రి తరావీహ్ ముగించుకొని ఇంటికి వచ్చేసరికి నా ఫోనుకు పదకొండు ఫొటోలు వచ్చి ఉన్నాయి. ఆఫ్రికా ఖండంలోని మలావీ దేశం నుండి నా పూర్వ విద్యార్థి పంపినవి. ఒక్కో ఫొటోలో ఒక్కో బిడ్డ. ఒంటిపై కొత్త యూనిఫాం, చేతిలో ఒక అట్టముక్క. ఆ అట్టముక్కపై మా తాండూరు దాతల్లో ఒకరి పేరు, కింద కృతజ్ఞతలు. అలా రాయించి ఫొటోలు తీసి పంపమని అడిగింది మరెవరో కాదు, నేనే.

ఏడవ ఫొటోలోని బాలుడు మాత్రం కెమెరా వైపు చూడలేదు. తొమ్మిదో, పదో ఏళ్ళుంటాయి. అట్టముక్కను ఛాతీకి ఆనించుకొని, గడ్డం దానిపై మోపి, నేల వంక చూస్తున్నాడు. మిగతా పది ఫొటోలూ చూశాను. మళ్ళీ ఆ ఏడవ దాని దగ్గరికే వచ్చాను. ఆ బిడ్డ చూస్తున్న నేల నాకు బాగా తెలిసిన నేల.

నాకు ఆరేళ్ళ వయసులో మా నాన్నగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. నాపరాయి గనుల్లో రాళ్ళు కొట్టేవారు. ఆ దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. అమ్మ నన్ను ఒక మదర్సాలో చేర్చింది. అక్కడ తిన్న రొట్టె, నేర్చుకున్న అక్షరం ఈనాటికీ నన్ను నిలబెడుతున్నాయి. ఆ రుణం తీరేది కాదు. అయితే ఏటా అక్కడొక జల్సా జరిగేది. దాతలు వేదికపై కూర్చునేవారు. మా పేర్లు పిలిచేవారు. పేరు తరువాత "ఈ బిడ్డ యతీము" అని మైకులో ప్రకటించేవారు. మేము వెళ్ళి కుర్తా గుడ్డ, టోపీ అందుకొని, దాత చేయి మా తలపై ఉండగా కొంతసేపు కదలకుండా నిలబడాలి. సభలో మా వీధి పిల్లలు కూడా ఉండేవారు. నేను నా కాలి బొటనవేలును చూస్తూ నిలబడేవాణ్ణి. ధర్మశాస్త్రం ప్రకారం యుక్తవయస్సు రాకముందే తండ్రిని కోల్పోయిన బిడ్డ మాత్రమే యతీము. యుక్తవయస్సు వచ్చాక ఆ పేరు తొలగిపోతుంది. ధర్మశాస్త్రం తొలగించిన ఆ పేరును మా జల్సా మాత్రం నాకు పదిహేడేళ్ళు వచ్చేదాకా తొలగించలేదు.

అటువంటి నేను, గడ్డం నెరిసిన తరువాత, సముద్రాల అవతల ఒక బిడ్డను అదే విధంగా నిలబెట్టించాను. ఇది ఎలా జరిగిందో మొదటినుండి చెప్పాలి.

2014లో నా విద్యార్థి ఒకడు ఆలిం కోర్సు పూర్తిచేసి మలావీలో పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే పనిపై వెళ్ళాడు. మలావీ సరస్సు దక్షిణపు కొసన మంగోచీ అనే జిల్లా ఉంది. అక్కడ యావో జాతివారు ఎక్కువ. వారిలో అధికులు ముస్లిములు. దేశం మొత్తంమీద మాత్రం క్రైస్తవులే అత్యధికులు. వెళ్ళిన మొదటి ఏడాదే అతడొక ఉత్తరం రాశాడు. "హజ్రత్! జనవరి వచ్చిందంటే మక్తబ్‌లో పిల్లలు కూర్చొనే నిద్రపోతున్నారు. మొదట బద్ధకమని మందలించాను. తరువాత తెలిసింది, ఆకలి అని."

అక్కడివారి ఆహారం మొక్కజొన్న పిండితో చేసే న్‌సీమా. నవంబరు, డిసెంబరు నెలల్లో వానలతో విత్తుతారు. పంట చేతికి రావడానికి ఏప్రిల్ కావాలి. ఈలోగా పాత గింజలు అయిపోతాయి. జనవరి నుండి మార్చి వరకు పేద ఇళ్ళలో గాదెలు ఖాళీ. ప్రాథమిక విద్యకు 1994 నుండి అక్కడ ఫీజు లేదు. కాని ఫీజు లేనంత మాత్రాన కడుపు నిండదు కదా! ఎయిడ్స్ మహమ్మారి ఆ దేశంలో ఎందరో పిల్లలకు తల్లిదండ్రులను లేకుండా చేసింది. నా విద్యార్థి ఉన్న పల్లెలో అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న అటువంటి బిడ్డలు పదకొండు మంది తేలారు. వారిలో ఇద్దరు క్రైస్తవుల బిడ్డలు.

ఫజ్ర్ నమాజు తరువాత మస్జిదులో ఏడుగురం కూర్చొని నెలకు వంద రూపాయలు వేసుకోవాలని నిర్ణయించుకున్నాం. తరువాత మరికొందరు చేరారు. మూడు నెలల మొక్కజొన్న, ఒక యూనిఫాం, పుస్తకాలు, సబ్బు: ఇదే మా లక్ష్యం. ఇంతకుమించి పెద్ద మాటలేవీ మేము చెప్పుకోలేదు.

"ఇక్కడ పేదలు లేరా?" అన్న ప్రశ్న మొదటి వారమే వచ్చింది. రావలసిన ప్రశ్నే. దైవప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపుతూ, అక్కడి సంపన్నుల నుండి జకాత్ తీసుకొని అక్కడి పేదలకే ఇవ్వాలని ఆదేశించిన విషయం హదీసు చదివినవారందరికీ తెలుసు. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్‌ను ఒక ఊరి నుండి మరొక ఊరికి తరలించడం మక్రూహ్. అక్కడ మన బంధువులుంటే, లేదా అక్కడివారి అవసరం ఎక్కువైతే అభ్యంతరం లేదు. ఆ మినహాయింపును పట్టుకొని వాదించగలిగేవాణ్ణే. కాని మనసు ఒప్పలేదు. మా జకాత్ అంతా ఇక్కడే ఉండాలని, నఫిల్ సదఖా మాత్రమే అక్కడికి వెళ్ళాలని నిర్ణయించాను. దీనివల్ల మరొక మేలు కూడా జరిగింది. జకాత్ ముస్లిములకే చెందుతుంది. నఫిల్ సదఖాకు ఆ హద్దు లేదు. ఆ ఇద్దరు క్రైస్తవ బిడ్డల పళ్ళెంలో మొక్కజొన్న పోయడానికి ఏ కితాబూ తిరగేయవలసిన అవసరం రాలేదు.

కాని నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒక కంది రైతు వేసినది. మా తాండూరు కంది పేరు పాఠకులకు తెలిసే ఉంటుంది. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 2017లో దేశమంతటా కంది విరగపండి, ధర మద్దతు ధరకంటే కిందికి పడిపోయింది. ఆ సోదరుడు మస్జిదు మెట్లపై నన్ను ఆపాడు. "మౌలానా సాబ్! ఆఫ్రికా నుండి ఓడల్లో కంది దిగుతోంది. మా నోటి ముద్ద తీసేవాళ్ళకు మేమే చందా ఇవ్వాలా?" అన్నాడు. ఆ ఏడు ఆగస్టులో ప్రభుత్వం కంది దిగుమతిని సంవత్సరానికి రెండు లక్షల టన్నులకు కట్టడి చేసింది. మా రైతులు ఊపిరి పీల్చుకున్నారు. నేనూ సంతోషించాను.

కొన్నాళ్ళకు నా విద్యార్థి నుండి ఫోను. దక్షిణ మలావీ రైతులు మొక్కజొన్న సాళ్ళ మధ్య ఒక పప్పు పంట వేస్తారట. వారు దాన్ని 'నండోలో' అంటారు. ఇండియా వాళ్ళు కొనడం మానేశారని దాని ధర నేలకు పడిపోయిందట. గింజలు అమ్మి బట్టలు కొందామనుకున్న అమ్మమ్మలు మూటలు తిరిగి ఇంటికి మోసుకొచ్చారట. "నండోలో అంటే ఏమిటి?" అని అడిగాను. "కందులే హజ్రత్. మన కందులే" అన్నాడు.

ఈ మాట ఆ రైతు సోదరునికి చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉన్నాడు. "అంటే అక్కడ కూడా కంది రైతేనా?" అన్నాడు. మరుసటి నెల నుండి చందా ఇవ్వసాగాడు. ఎవరి ధర నిలబడితే ఎవరి ధర పడుతుందో ఆ లెక్క నాకు ఈనాటికీ కొరుకుడు పడలేదు. ఆయనకు పడిందో లేదో అడగలేదు.

ఇక డబ్బు పంపే విషయం. మొదటి నాలుగేళ్ళు ఒక సులువైన పద్ధతి పాటించాం. నా విద్యార్థి తన జీతం నుండి అక్కడ ఖర్చు చేసేవాడు. అంతే మొత్తం ఇక్కడ అతని తల్లిదండ్రులకు మేము అందజేసేవాళ్ళం. 2018లో, లెక్కలు తెలిసిన ఒక సభ్యుడు ఇది విని తల పట్టుకున్నాడు. "మౌలానా! దీన్నే చట్టం హవాలా అంటుంది" అన్నాడు. నేను హిదాయా గ్రంథంలో హవాలా అధ్యాయం ఏటా విద్యార్థులకు బోధించేవాణ్ణి. అక్కడ అది ధర్మసమ్మతమైన బాకీ బదిలీ. ఆ అధ్యాయం చెప్పడం వచ్చింది గాని, నేను నివసించే దేశపు చట్టం తెలుసుకోవాలన్న ఆలోచన రాలేదు. దేశ చట్టాన్ని పాటించడం కూడా ఒప్పందపాలనే అని వేదికలపై చెప్పేవాణ్ణి కూడా నేనే. ఆ రోజే ఆ పద్ధతి ఆపేశాం.

బ్యాంకుకు వెళ్ళాను. భారతదేశంలో నివసించే వ్యక్తి విదేశాలకు కానుకగా, విరాళంగా డబ్బు పంపవచ్చు. ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు అనుమతి ఉంది. మా మొత్తం ఆ దరిదాపుల్లో కూడా లేదు. పాన్ కార్డు ఇచ్చి, ఏ2 ఫారం నింపాను. సంతకం పెట్టబోతుండగా అక్కడి ఉద్యోగి మర్యాదగానే అడిగాడు: "ఈ డబ్బు మీ సొంతమే కదండీ?" ఫారంలో ఆ ధ్రువీకరణ ఉంది. నా చేతిలో ఉన్నది యాభై మంది చందా. 'అవును' అంటే ఒక్క మాటతో పని అయిపోయేది. పెన్ను మూసి, ఫారం మడిచి జేబులో పెట్టుకొని వచ్చేశాను.

అందువల్ల కొత్త ఏర్పాటు చేసుకున్నాం. పాన్ కార్డు, స్తోమత ఉన్నవారు పదకొండు మంది ముందుకు వచ్చారు. ప్రతివారూ ఏడాదికొకసారి తమ సొంత సొమ్మును తమ పేరుతోనే అక్కడి మస్జిదు కమిటీ ఖాతాకు పంపాలి. బ్యాంకు రుసుముల కోత ఉంటుంది కాబట్టి చిన్న మొత్తాలు పంపడం దండగ. మిగతావారి వందలు, యాభైలు ఇక్కడే గని కార్మికుల యతీముల కోసం వినియోగించాలి. అలా ఇక్కడి పిల్లలకు ఒక నిధి ఏర్పడింది. దాన్ని మేము ఆలోచించి పెట్టలేదు. బ్యాంకు ఫారం పెట్టించింది.

అయితే పదకొండు మంది దాతలు, పదకొండు మంది పిల్లలు. లెక్క అలా కుదరగానే "నా బిడ్డ ఎవరు?" అనే మాట పుట్టింది. తరువాత "నా బిడ్డ ఫొటో ఏది?" అన్నారు. తప్పుడు ఉద్దేశం ఎవరికీ లేదు. నేను కూడా, దాతల ఉత్సాహం నిలబడుతుందన్న ఆశతో, ఫోను చేసి అట్టముక్కలతో సహా పురమాయించాను.

ఆ రాత్రి నా విద్యార్థికి ఫోను చేసి ఏడవ బాలుని గురించి అడిగాను. "వాడు వద్దన్నాడు హజ్రత్. స్నేహితులు చూస్తున్నారని. మీరు చెప్పారు కదా అని నేనే కాస్త గట్టిగా చెప్పి నిలబెట్టాను" అన్నాడు. ఆ బాలుడు తరువాత రెండు వారాలు బడికి రాలేదట. కారణం ఫొటోయో, జ్వరమో అతడు స్పష్టంగా చెప్పలేకపోయాడు. జ్వరమే అనుకోవడానికి నేను చాలా ప్రయత్నించాను.

ఫొటోలు ఎవరికీ పంపలేదు. పండుగ తరువాత దాతలను పిలిచి, నా జల్సా రోజుల సంగతి మొదటిసారి బయటపెట్టాను. నా భార్యకు కూడా అంత వివరంగా చెప్పి ఉండలేదు. దానాన్ని బహిరంగంగా చేయడం మంచిదేనని, రహస్యంగా పేదలకు అందించడం మరింత మేలని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో తెలుపుతోంది. అదే సూరా, ఎత్తిపొడుపుతోనూ నొప్పించడంతోనూ దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని హెచ్చరిస్తోంది. ఈ ఆయతులపై నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. మన సంస్థల క్యాలెండర్లపై ఆ పిల్లల ముఖాలు చూసినప్పుడు మాత్రం ఒక్క ఆయతు కూడా నాకు గుర్తుకు రాలేదు.

ఒక సోదరుడు నొచ్చుకున్నాడు. "లెక్క అడగడం తప్పా మౌలానా?" అన్నాడు. తప్పు కాదు. లెక్క దాత హక్కు. ముఖం ఆ బిడ్డ హక్కు. ఇప్పుడు మొక్కజొన్న బస్తాల రసీదులు, బడి హాజరు వివరాలు వస్తాయి. ఏ బిడ్డ ఏ దాతకు చెందినవాడో ఎవరికీ తెలియదు. పదకొండు మందిలో ముగ్గురు వెళ్ళిపోయారు. 2023లో ఆ లోటు బాగా తెలిసింది. మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను దక్షిణ మలావీని ముంచెత్తింది. నవంబరులో అక్కడి క్వాచా విలువను ఒక్కసారిగా 44 శాతం తగ్గించారు. మా రూపాయికి ఎక్కువ క్వాచాలు వచ్చాయి గాని, ధరలు అంతకంటే వేగంగా పరుగెత్తాయి. ఎనిమిది మంది సొమ్ముతో పదకొండు ఇళ్ళకు మూడు నెలలు గింజలు చాలలేదు. నా మాట వల్లనే ఆ మూడు చేతులు వెనక్కి వెళ్ళాయన్నది నిజం. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మా మదర్సా వంటశాలలో రొట్టెలు చేసే ఖాలా ఒకరున్నారు. మొదటి సంవత్సరం నుండీ రోజుకు పది రూపాయలు డబ్బాలో వేస్తున్నారు. చిన్న మొత్తాలు ఇక్కడే ఉంటాయని 2018లో చెప్పినప్పుడు ఆమె నొచ్చుకున్నారు. "హజ్రత్! ఇక్కడి పిల్లలకు నా చేతి రొట్టె ఎలాగూ అందుతోంది. అక్కడివాళ్ళకు నా చేయి అందదని కదా ఆ పది రూపాయలు వేసింది" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

మొన్న షాబాన్ నెలలో ఆమె కొంగుముడి విప్పి ఒక కార్డు నా ముందు పెట్టారు. పాన్ కార్డు. మనవడు చేయించాడట. బ్యాంకు పుస్తకం కూడా తెచ్చారు. మూడేళ్ళుగా విడిగా దాచుకున్నారు. కోత పోయినా ఒక ఇంటికి మొక్కజొన్న వస్తుంది. ఫారం నింపడానికి నేనూ వెంట వెళ్ళాను. ఆ డబ్బు మీ సొంతమేనా అని బ్యాంకులో అడిగారు. ఖాలా ఆ అబ్బాయి వంక వింతగా చూసి, రొట్టెల పెనం కాల్చిన మచ్చలున్న తన రెండు చేతులూ కౌంటరుపై పెట్టారు. వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించమన్నారు.