అంబర్‌కు చలి పడదు

ఫ్రీజర్‌లోంచి తీసిన గ్లాసు మీద నా కోపం ఇవాళ్టిది కాదు. పైన తెల్లగా మంచు కట్టి, పట్టుకుంటే వేళ్ళు అతుక్కుపోయే ఆ గ్లాసులో మామూలు లాగర్ పోసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. దానికి పోయేదేమీ లేదు కనక. అంబర్ ఏల్ అనే రాగి రంగు బీరు పోసి తెస్తారు చూడండి, అప్పుడు ఒళ్ళు మండుతుంది. శాక్రమెంటోలో మా ఇంటికి దగ్గర్లో ఒక రెస్టారెంటు ఉంది, పేరు అనవసరం. మామూలు గ్లాసు చాలమ్మా అని నేను చెప్పడం, అక్కడ వడ్డించే పిల్ల తలూపడం, మంచు గ్లాసే తేవడం, ఇదో ఆనవాయితీ అయిపోయింది. తెచ్చి బల్ల మీద పెట్టి, ఎంతో మర్యాద చేశానన్నట్టు నవ్వుతుంది. ఆ నవ్వు చూశాక ఏమనగలం? గ్లాసుని రెండరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెడుతూ కూచుంటాను. పక్క బల్ల వాళ్ళు నాకు జ్వరం వచ్చిందనుకుంటారు.

చలికి నాలుక మొద్దుబారుతుంది. ఇందులో పెద్ద శాస్త్రమేం లేదు. కరిగి నీళ్ళయిపోయిన ఐస్‌క్రీం ఒకసారి చప్పరించి చూడండి, ఇంత తీపి ఇందాక ఎక్కడ దాక్కుందా అనిపిస్తుంది. వాసన సంగతి మరీను. బీరులో వాసన మోసే పదార్థాలు కాస్త వెచ్చదనం తగిలితేగాని పైకి లేవవు. మంచు గ్లాసులోంచి వచ్చేది ఫ్రీజర్ వాసన ఒక్కటే. పైగా ఆ మంచు కరిగి బీరులోనే కలుస్తుంది. అంబర్ ఏల్‌ని 7 నుంచి 12 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య తాగితే బాగుంటుంది. ఇంట్లో ఫ్రిజ్ 3, 4 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి, సీసా బయటపెట్టి ఓ ఇరవై నిమిషాలు ఓపిక పట్టాలి.

ఈ ఇరవై నిమిషాల మాట మా తోడల్లుడి దగ్గర అని చెడిపోయాను. హైదరాబాదు నుంచి వచ్చాడు, గౌరవంగా ఉంటుందని మంచి అంబర్ తీసి బయటపెట్టాను. అతను సీసాని ముట్టుకుని చూసి, "అన్నయ్యా, కూలింగ్ పోయింది, రెండు ఐసు ముక్కలు వెయ్యనా?" అన్నాడు. నేను వద్దనేలోపు వేసేశాడు కూడా. అతన్నని లాభం లేదు. మే నెలలో మన వైన్ షాపు ముందు నిలబడ్డవాడు మొదట అడిగే మాట "కూలింగ్ ఉందా?" అనే. బ్రాండు సంగతి తర్వాత. మన ఎండల్లో, మన లాగర్లకి, అది సబబైన ప్రశ్నే. కాని పెరట్లో సాయంత్రపు గాలి హాయిగా వీస్తున్నప్పుడు, రాగి రంగులో మెరుస్తున్న ఆ గ్లాసులో ఐసు ముక్కలు టకటక కొట్టుకుంటుంటే నా ప్రాణం ఏమైపోవాలి? ఆ గ్లాసు అతనికే ఇచ్చేశాను. "బాగుందన్నయ్యా, తేలిగ్గా ఉంది" అన్నాడు. ఉండదూ మరి!

దొరికిందే తడవుగా పాడుచేస్తారని నేను ఏడుస్తుంటే, అసలు దొరకడమే కష్టమవుతోంది. ఏ బ్రూవరీకి వెళ్ళినా కొళాయిల్లో సగానికి పైగా ఐపీఏలే, అంటే ఇండియా పేల్ ఏల్‌లే. మసక ఐపీఏ, డబుల్ ఐపీఏ, పాల చక్కెర వేసిన ఐపీఏ, మామిడి గుజ్జు వేసిన ఐపీఏ. అంబర్ ఉందా అంటే, బీరు పోసే కుర్రాడు ఎవరో పాతకాలం మనిషి దిగబడ్డాడని ఆదరంగా చూసి, "అవి మా నాన్న తాగేవాడండీ" అంటాడు. మీ నాన్నకు బుద్ధుంది నాయనా అని లోపల అనుకుంటాను.

బీరు పోటీల తీర్పరుల కోసం నియమావళి రాసే బీజేసీపీ అనే సంస్థ లెక్కలో అమెరికన్ అంబర్ ఏల్‌లో ఆల్కహాలు 4.5 నుంచి 6.2 శాతం, చేదు, దాన్ని కొలిచే ఐబీయూల్లో, 25 నుంచి 40. అదే అమెరికన్ ఐపీఏకి చేదు 40 నుంచి 70. అంకెలు చూస్తే అంబర్ ఏదో మధ్యతరగతి సరుకులా కనిపిస్తుంది. దాని గొప్పంతా అక్కడే ఉందని నా వాదన. ఐపీఏలో చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వు ఒక్కటే గొంతు చించుకుంటుంది, మాల్టు, అంటే మొలకెత్తించిన బార్లీ, వెనక ఎక్కడో తాళం వేస్తూ కూచుంటుంది. అంబర్‌లో రెండూ మాట్లాడతాయి, ఒకటి మాట్లాడేటప్పుడు రెండోది ఆగుతుంది.

దీని పుట్టుక చూడాలంటే మా ఇంటి నుంచి రెండున్నర గంటలు కారు నడిపితే చాలు. మెండొసీనో కౌంటీలో 101 రహదారి మీద హాప్లాండ్ అని చిన్న ఊరుంది. ఒకప్పుడు చుట్టుపక్కలంతా హాప్స్ తోటలు, ఆ పేరు అలా వచ్చిందే. ఇప్పుడు ఎటు చూసినా ద్రాక్ష. దానికి దక్షిణంగా సొనోమాలో 1976లో జాక్ మెకాలిఫ్ అనే మాజీ నావికుడు న్యూ ఆల్బియన్ అని ఒక బుల్లి బ్రూవరీ పెట్టాడు. నౌకాదళంలో ఉండగా స్కాట్లండులో తాగిన ఏల్స్ మరిచిపోలేక, పాత పాల డెయిరీ సామాను, కూల్‌డ్రింకు పాకం వచ్చే స్టీలు పీపాలు పోగేసి మొదలెట్టాడు. 1982లో అది మూతపడింది. ఆ సామాను, ఆ ఈస్టు, అక్కడ పనిచేసినవాళ్ళు హాప్లాండ్ చేరారు. 1983లో అక్కడ మెండొసీనో బ్రూయింగ్ వాళ్ళ పబ్బు తెరుచుకుంది. మద్యనిషేధం ఎత్తేశాక, చేసిన చోటే బీరు పోసి అమ్మిన పబ్బుల్లో కాలిఫోర్నియా మొత్తానికి అదే మొదటిది. వాళ్ళ రెడ్ టెయిల్ ఏల్‌నే ఈ ఎర్రటి, పాకం వాసన బీర్లన్నిటికీ పెద్దన్నగా చెబుతారు.

ఇంతవరకు అమెరికా కథ. 1997లో ఆ బ్రూవరీలో ఆధిపత్య వాటా కొన్నది ఎవరనుకున్నారు? మన విజయ్ మాల్యా గారి యూబీ గ్రూపు. కింగ్‌ఫిషర్ క్యాలెండర్లు, విమానాలు, క్రికెట్ జట్టు అందరికీ తెలుసు. అమెరికన్ చిన్న బ్రూవరీల ఉద్యమంలో ఆదిపురుషుడి లాంటి సంస్థ కూడా ఆయన బుట్టలో ఉండేదని మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఇంకో తమాషా. ఇక్కడి ఇండియన్ రెస్టారెంట్లలో "మన బీరు, మన బీరు" అని ఛాతీ పొంగించి తెల్లవాళ్ళకి తాగించిన కింగ్‌ఫిషర్ ఏళ్ళ తరబడి ఇదే మెండొసీనో కంపెనీ చేతుల్లో, న్యూయార్క్ రాష్ట్రంలోని శరటోగా స్ప్రింగ్స్‌లో కాగేది. సీసా మీద చిన్నక్షరాల్లో రాసే ఉండేది, చదివినవాడు లేడు. బిర్యానీ పక్కన దేశభక్తితో ఆ లాగర్ తాగాం, అదే కంపెనీ చేసే రెడ్ టెయిల్ వంక కన్నెత్తి చూడలేదు. మాల్యా గారు 2016లో దేశం దాటారు. మెండొసీనో 2018 జనవరిలో మూతపడింది. పత్రికలు ఆయన అప్పుల గురించి పేజీలకి పేజీలు రాశాయి. రెడ్ టెయిల్ గురించి మన పత్రికల్లో ఒక్క వాక్యం నా కంటబడలేదు.

కొలరాడోలో న్యూ బెల్జియం వాళ్ళ ఫ్యాట్ టైర్ కథ ఇంకోటి. 1991 నుంచి దేశంలో సగం మందికి అంబర్ అంటే అదే అన్నట్టుండేది. అది బెల్జియం వైపు ఒరిగిన బీరని పండితులు నసుగుతారు, నసగనివ్వండి. 2023లో దాన్ని లేత బంగారు రంగులోకి మార్చి, పేరులోంచి అంబర్ అన్న మాట తీసేశారు. కాలం మారింది, జనం లేతరంగే అడుగుతున్నారని కారణం. వ్యాపారం వాళ్ళది, నేనెవర్ని చెప్పడానికి. పాత సీసా మీద సైకిలు బొమ్మ మాత్రం బాగుండేది.

సరే, ఎలా తాగాలో చెప్పకుండా ఎంతసేపు తిడతాను. గ్లాసు శుభ్రంగా, పొడిగా, గది వేడిలో ఉండాలి. సబ్బు జిడ్డు కొంచెం ఉన్నా నురగ నిలవదు. సగం దాకా పక్కకి వాల్చి పోసి, ఆపైన నిటారుగా పెట్టి పోస్తే రెండు వేళ్ళ మందాన మీగడ రంగు నురగ కడుతుంది. సీసాతో తాగేవాళ్ళతో నాకు మాటల్లేవు, ముక్కుకి పనిలేని చోట అంబర్ ఎందుకు? నురగ కిందికి దిగేలోపు వాసన చూడాలి. మొదట వచ్చేది పంపరపనస తొక్క, దాని వెనక దేవదారు బంక. అది కాస్కేడ్ హాప్స్ పని. 1972లో ఆరిగన్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఆ రకమే లేకపోతే అమెరికన్ ఏల్స్‌కి సొంత మొహం ఉండేది కాదు. తర్వాత గుక్క నోట్లో అటూ ఇటూ తిప్పితే, ముదురుపాకం, కాల్చిన రొట్టె అంచు, కొన్నిట్లో ఎండు ఖర్జూరం ఛాయ. వైను రుచి చూసేవాళ్ళలా ఉమ్మెయ్యకూడదు. మింగాలి. చేదు వచ్చేది మింగాకే, తీపిని వెనక నుంచి వచ్చి తుడిచేసి వెళుతుంది. తుడవకుండా తీపి పళ్ళకి అంటుకుంటే ఆ బ్రూవరు చెయ్యి మొరటుదన్నమాట. అట్టపెట్టె వాసన కొడితే సీసా పాతబడింది, అడుగున తారీఖు చూసుకోవాల్సింది.

కోడి వేపుడు, గోంగూర మాంసం, మన కారాలన్నిటికీ ఇదే సరిజోడు. ఐపీఏ చేదు కారాన్ని ఎగదోస్తుంది, నాలుక మంటెత్తిపోతుంది. అంబర్‌లోని మాల్టు తీపి ఆ మంటని తగ్గిస్తుంది. మా తోడల్లుడు ఇది కూడా ఒప్పుకోడు. కారానికి ఐసే మందంటాడు.

ఆ ముదురుపాకం రుచి ఎక్కణ్ణించి వస్తుందన్నది అసలు చెప్పవలసిన విషయం. చక్కెర కలపరు. క్రిస్టల్ మాల్టు అని ఒకటి ఉంది, దాని చలవ. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, మామూలు మాల్టుకైతే అక్కడ ఆరబెట్టేస్తారు. క్రిస్టల్ మాల్టుకి ఆరబెట్టరు. తడి మొలకల్నే 60, 70 డిగ్రీల వేడిలో ఉక్కబెడతారు. గింజ లోపలి పిండి పొట్టులోనే కరిగి తియ్యటి ద్రవమవుతుంది. అప్పుడు వేడి పెంచి వేయిస్తారు. ఆ తీపి గింజలోపలే గట్టిపడి, కొరికితే పటుక్కుమంటుంది. అందులో చాలా భాగం ఈస్టుకి అరగదు, అందుకే బీరులో మిగిలిపోతుంది. రంగూ దానిదే, నోటికి తగిలే ఆ చిక్కదనమూ దానిదే.

మొదటిసారి ఒక బ్రూవరీలో ఆ గింజలు గుప్పెడు చేతిలో పోస్తే నోట్లో వేసుకున్నాను. మదనపల్లెలో మా పెద్దమ్మ వంటింటి వాసన. ఎలా ఉండకుండా ఉంటుంది, చేసే పని ఒకటే అయినప్పుడు. పెద్దమ్మ రాగులు రాత్రి నానేసి, పొద్దున తెల్లగుడ్డలో మూట కట్టి, దూలానికున్న కొక్కేనికి వేలాడదీసేది. దాని కింద మేం ఆడుకోకూడదు. మధ్యమధ్య నీళ్ళు చిలకరించేది. రెండోనాటికి గుడ్డలోంచి తెల్లటి మొలకలు పొడుచుకొచ్చేవి. మిద్దె మీద ఆరబోసి కాకుల కాపలాకి నన్ను కూచోబెట్టేది. ఆరాక వేళ్ళు నలిపి చెరిగి, మట్టి పెంకులో సన్నసెగ మీద వేయించేది. అప్పుడు లేచే వాసన వీధి మలుపు దాకా వచ్చేది. మరపట్టించడం ఆవిడకి ఇష్టం లేదు, మిరపకాయల ఘాటు అంటుతుందని. తిరగల్లో తనే విసిరేది.

హిమాలయాల్లోనూ ఆఫ్రికాలోనూ ఇవే రాగులతో బీరు కాస్తారని పెద్దయ్యాక చదివాను. పెద్దమ్మ దాంతో చేసింది జావే. ఆ జావలో ఉప్పు, చిలికిన పుల్ల మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పక్కన నంజుకోను ఊరుమిరపకాయ. అంతే. పట్నం నుంచి వచ్చిన మా అమ్మ ఓసారి నా గ్లాసులో బెల్లం వేయబోతే, "జబ్బు మనిషికి పోసినట్టు పోస్తావేందే" అని చెయ్యి పట్టుకుంది. మొలక కట్టినప్పుడే దానికి ఎంత కావాలో అంత తీపి వచ్చేస్తుందని ఆవిడ లెక్క. ఆ లెక్కలో తప్పు నాకింతవరకు కనబడలేదు.

ఇప్పుడు ఇక్కడి ఇండియన్ షాపులో రాగి మాల్టు డబ్బాల్లో దొరుకుతోంది. వెనక చదివితే పదార్థాల్లో మొదటిది చక్కెర, రెండోది పాలపొడి, రాగులు మూడో చోట. తర్వాత బాదం, యాలకులు, పేరు పలకలేని రంగు ఒకటి. మొలకెత్తించారో లేదో ఆ డబ్బా మీద ఎక్కడా లేదు. రాగుల్లో యాలకులు వెయ్యాలని ఎవరికి తోచిందో! పాయసమా అది? నేను ఆ డబ్బా తిప్పి తిప్పి చూస్తుంటే, కొనడానికి మొహమాటపడుతున్నాననుకుని షాపతను దగ్గరికొచ్చాడు.

"సార్, చాక్లెట్ ఫ్లేవర్ కూడా వచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తాగితే సూపరుంటుంది" అన్నాడు.