శారద ఆగిన చోటల్లా

అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ ఎక్కితే ఈ నేల స్వభావమంతా ఒక్క చూపులో అందుతుంది. పెద్ద ఎత్తేమీ కాదు, మెట్లున్నాయి, పది నిమిషాల పని. సంక్రాంతికి ముందు పుష్యమాసపు ఉదయం నేనక్కడికి చేరేసరికి మంచు ఇంకా పొలాల మీదే ఉంది. ఎండ పొడుచుకొచ్చేకొద్దీ ముందు తాటితలలు తేలాయి, తరవాత చెరువుగట్లు, ఆ తరవాత వరి కోసిన మళ్ళలో కుప్పలు, అన్నిటికన్నా చివర చెరకు తోటల పచ్చదనం. పడమట తూర్పుకనుమలు అడ్డుగోడ కట్టి నిలబడ్డాయి. దక్షిణాన పూడిమడక వైపు నుంచి గాలి వీస్తోంది. సముద్రం కంటికి కనపడకపోయినా ఒంటికి తెలుస్తూనే ఉంది.

ఈ కొండమీద బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి గుహలు, స్తూపాలు చేసుకున్నారు. పక్కనున్న లింగాలకొండ మీదైతే కొండరాయినే వరసగా చిన్న చిన్న స్తూపాలుగా చెక్కేశారు. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో మొదలై కొన్ని వందల ఏళ్ళు ఇక్కడ విహారం నడిచింది. 1906 ప్రాంతంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపాకే ఆ సంగతి లోకానికి తెలిసింది. నాకు మాత్రం స్తూపాల కంటే వాళ్ళు ఎంచుకున్న చోటే గొప్పగా అనిపించింది. అంతమంది సన్యాసులకు ఏళ్ళ తరబడి భిక్ష దొరకాలంటే కింద ఉన్న పొలాలు బాగా పండి ఉండాలి. ఇది కొత్తగా సాగులోకి వచ్చిన నేల కాదు. కొండమీంచి చూసే మనిషికి పదిహేను వందల ఏళ్ళుగా ఇంచుమించు ఇదే పచ్చదనం కనిపించి ఉంటుందని నా నమ్మకం.

కొండకీ కడలికీ మధ్య ఇక్కడ దూరం తక్కువ. గోదావరి డెల్టాలో లాగా కనుచూపు మేర చదును ఉండదు. నాలుగు మైళ్ళు పోతే ఒక గుట్ట, దాని పక్కన ఒక పల్లం, ఆ పల్లంలో గెడ్డ అనే ఒక వాగు. కొండలు ఖోండలైటు రాయివి. అది చివికి ఎర్రమట్టి అవుతుంది. ఆ మట్టే మెట్టల మీద జీడికీ మామిడికీ పనికొస్తుంది, వానకు కొట్టుకొచ్చిన ఒండ్రు శారద ఒడ్డున చెరక్కి పనికొస్తుంది. శారదా నది మాడుగుల, అనంతగిరి కొండల్లో పుట్టి, పెద్దేరు, బొడ్డేరు లాంటి ఉపనదుల్ని కలుపుకొని, చోడవరం, అనకాపల్లి మీదుగా రాంబిల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ దిగిన నీరు నిలవకుండా సముద్రంలోకి పరిగెత్తడం ఈ నేలకున్న కష్టం. అందుకే ఇక్కడి రైతు తరతరాలుగా చేస్తూ వచ్చిన పని ఒక్కటే, నీటిని ఆపడం. నది మీద జలాశయం, దాని కింద నీటిని మళ్ళించే గ్రోయిన్, గెడ్డకు అడ్డంగా ఆనకట్ట, ఊరికో చెరువు, మడికో గట్టు. బొజ్జన్నకొండ మీంచి నాకు అందంగా కనిపించినవన్నీ నీరు ఆగిన చోట్లే.

విశాఖ నుంచి ఇక్కడికి వచ్చే దారిలోనే ఒకప్పుడు ఇలాంటి పల్లెలు ఉండేవి. గాజువాక దాటాక రోడ్డుకు ఎడమవైపు ఉక్కు కర్మాగారం ప్రహరీ మైళ్ళ కొద్దీ సాగుతుంది. 1966 ఉద్యమంలో ప్రాణాలిచ్చి తెచ్చుకున్న కర్మాగారం అది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. దానికోసం 64 గ్రామాల వాళ్ళు పొలాలు, ఇళ్ళు, చెరువులు వదిలి వెళ్ళిపోయారు. ఉక్కు మీద విశాఖ వాళ్ళకున్న అభిమానం నాకూ ఉంది. ఆ ప్రహరీ పక్కనుంచి పోతున్నప్పుడల్లా ఆ చెరువుల పేర్లు ఎవరైనా రాసిపెట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

కొండ దిగి, కశింకోట దాటాక రోడ్డు పక్కన పొగ చూసి ఆగాను. బెల్లం వండుతున్నారు. ఈ ప్రాంతానికి వచ్చి బెల్లం పెనం దగ్గర నిలబడకుండా వెళ్ళిపోవడం కుదరదు. ఆ వాసన అంత దూరం నుంచే పిలుస్తుంది. గానుగకి ఎద్దులు పోయి మోటారు వచ్చి చాలా కాలమైంది. ఒకాయన చెరకు గడలు అందిస్తుంటే రసం గొట్టంలోంచి తొట్టిలోకి పడుతోంది. ఇద్దరు ఆడవాళ్ళు పిండిన పిప్పిని కళ్ళంలో ఆరబోస్తున్నారు. ఎండిన పిప్పే పొయ్యికి వంటచెరకు. రసం ఇచ్చిన గడే ఆ రసాన్ని మరిగిస్తుంది, బయటి నుంచి పుల్ల కొననక్కర్లేదు.

పెనం అంటే ఇద్దరు మనుషులు పడుకోగలిగినంత వెడల్పు ఇనుప పళ్ళెం. రసం కాగుతుండగా కాస్త సున్నం వేస్తారు. మురికంతా తెట్టుగా పైకి వస్తుంది. దాన్ని తీసేకొద్దీ రసం తేటపడి, ఆకుపచ్చదనం పోయి, బంగారు రంగుకు తిరుగుతుంది. ఇక అక్కడినుంచి పెనం దగ్గర ఉన్న పెద్దాయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన చూపు నురగ మీదే. ముందు పెద్ద బుడగలు, తరవాత చిన్నవి, ఆ తరవాత పాకం బరువెక్కి తపతపమని ఉడికే చప్పుడు. చెంచాడు పాకం చల్లనీళ్ళలో వేసి వేళ్ళతో నలిపారు. ఉండ కట్టింది. థర్మామీటరు పెడితే 118 డిగ్రీలు చూపించే చోటది. ఆయన వేలికే అది తెలిసిపోయింది. నలుగురూ పట్టి పెనాన్ని వంచారు. పాకం తొట్టిలోకి జారింది, తెడ్లతో కలిపారు, గట్టిపడుతుండగా గుడ్డ పరిచిన అచ్చుల్లో వేసి దిమ్మలు కట్టారు.

"రెండు దిమ్మలు ఒకే రంగు రావు బాబూ. పొలం మారితే రంగు మారిపోద్ది. నీరు నిలిసిన సెక్క అయితే నలుపొచ్చీసిద్ది," అన్నారాయన చెయ్యి కడుక్కుంటూ.

టన్ను చెరకు పిండితే సుమారు వంద కిలోల బెల్లం వస్తుంది. అది అనకాపల్లి మార్కెట్టుకు వెళ్తుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. ఒడిశా, బెంగాల్ దాకా సరుకు పోతుంది. అక్కడ ధర రంగును బట్టి కడతారు. తెల్లగా మెరిస్తే మొదటి రకం, ముదిరితే నల్లరకం. ఆ మెరుపు కోసమే కొందరు హైడ్రోసు అనే రసాయనం కలుపుతారు. కలపక్కర్లేదని, బెండకాడ జిగురుతోనూ రసం తేటపడుతుందని అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానం చెబుతూ వస్తోంది. 1913 నాటి సంస్థ అది, చెరకు మీద పనిచేయడానికే మొదలైంది. తెల్లబెల్లానికి ఎక్కువ ఇచ్చే కొనుగోలుదారు మారనంత కాలం రైతును మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. నేను కొన్న దిమ్మ గోధుమరంగుది, ఆ పెనంలోదే. దాని రుచి దేనికీ తీసిపోదు.

గానుగ వెనకే చెరకు తోట. దూరం నుంచి పచ్చగోడలా కనిపించేది దగ్గరకు వెళ్తే జడల వరస. ఎండుటాకులతో నాలుగైదు గడల్ని కలిపి చుట్టి, ఎదురు సాలులో గడలకు ముడేస్తారు. జడచుట్టు అంటారు. ఎంత ఓపిక కావాలో తోటలోకి దూరితేనే తెలుస్తుంది. ఆకు అంచు చేతుల్ని కోస్తుంది, గాలి ఆడదు. బంగాళాఖాతం తుపాను ఎప్పుడు వస్తుందో తెలియదు గనక ఈ పని తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు జడచుట్టూ ఆగలేదు, తోటలకు తోటలు నేలకు పరుచుకుపోయాయి. విశాఖ నగరంలో చెట్లు కూలడం గురించి మనం ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నాం. ఇక్కడ పడిపోయిన చెరకు గురించి అంతగా మాట్లాడుకోలేదు.

తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ చక్కెర మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కోత కూలీలు దొరకడం కష్టమైంది. చోడవరం దారిలో చెరకు మధ్య సరుగుడు, నీలగిరి ఎక్కువ కనిపించడానికి కారణం అదే. సరుగుడు నాటితే మూడు నాలుగేళ్ళు మనిషి తొంగి చూడనక్కర్లేదు. సబ్బవరం వైపైతే పొలమే లేదు, రంగు వేసిన ప్లాట్ల సరిహద్దు రాళ్ళే.

అయినా చోడవరం నుంచి మాడుగుల వెళ్ళే దారి నాకు జిల్లాలన్నిట్లోకీ ఇష్టమైన దారి. కొండలు మలుపు మలుపుకీ దగ్గరవుతాయి. పొద్దున నీలంగా ఉన్నవి మధ్యాహ్నానికి ఆకుపచ్చగా, దగ్గరకొచ్చాక ఎర్రగీతలతో కనిపిస్తాయి. ప్రతి ఊరికీ చెరువు, చెరువుకి గట్టు, గట్టు మీద తాళ్ళు. వేసవిలో ముంజలు, కల్లు, ఇంటికి కమ్మ, దూలం, అన్నీ తాడి ఇస్తుంది. దాని వేళ్ళు గట్టును పట్టి ఉంచుతాయి కూడా. తాళ్ళు నరికిన గట్టు వానకు కోసుకుపోవడం రెండు చోట్ల చూశాను. చెరువు కింద కోసిన వరిమళ్ళలో మినుము, పెసర రెండాకులు తొడిగాయి. వరి కోయకముందే పదునులో చల్లేసిన గింజలవి. ఆ తడి తప్ప వాటికి మరో నీరు లేదు. మాడుగుల చేరేసరికి కొండమీది నుంచి వచ్చినవాళ్ళు పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు మోసుకుని దిగుతున్నారు. మాడుగుల హల్వా పేరు లోకమంతా ఎరుగును. ఈ సరుకుకీ అంత గిరాకీ ఉండాలి.

తిరుగుదారిలో దేవరాపల్లి మీదుగా రైవాడ జలాశయానికి వెళ్ళాను. శారద మీద పెద్ద ఆనకట్ట ఇదే. మూడువైపులా కొండలు, మధ్యలో నీరు. చూడ్డానికి ఇంత చక్కని చోటు విశాఖ చుట్టుపక్కల మరొకటి లేదంటాను. ఇక్కడి నీటిలో ఒక వాటా పొలాలకు పోతుంది, ఇంకో వాటా కాలువ వెంట విశాఖకు, మా ఇళ్ళ కుళాయిలకు వస్తుంది. జలాశయం నీరు పూర్తిగా సేద్యానికే ఇవ్వాలని ఇక్కడి రైతులు చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు.

గట్టు కింద కాలువ పక్క మడిలో నాటడానికి చెరకు ముచ్చెలు నరుకుతున్న రైతు తల ఎత్తి అడిగాడు. "ఏ ఊరు బాబూ మీది?"

"వైజాగ్."

"అయితే మా నీరు తాగీవోళ్ళే." నవ్వాడు. కోపం లేదు. పక్కనున్న ఆయన భార్య మాత్రం నవ్వలేదు. "తాగడానికి వద్దంటామేటి? కడుపుకి ఎవరు కాదంటారు? మా మళ్ళు ఎండిపోయినప్పుడు కూడా అటే ఒదిలేస్తే ఎలగ?" అంది.

ఆ మాటలో న్యాయం ఉందనే అంటాను. సముద్రపు ఒడ్డున ఇంత పెద్ద నగరం, ఓడరేవు, ఉక్కు కర్మాగారం పెట్టుకున్న మనం వాడిన నీటిని శుద్ధి చేసి పరిశ్రమలకు మళ్ళించుకోవచ్చు. చెరకు మడికి రెండో దారి లేదు.

వచ్చే ఏడు ఏం వేస్తారని అడిగాను. మూడెకరాలుందట. ఒక ఎకరం సరుగుడుకి ఇచ్చేద్దామని కొడుకు అంటున్నాడట.

"మాఘం దాటి కూడా కాలవలో నీరొస్తే మూడూ సెరుకే. రాకపోతే అబ్బాయి సెప్పినట్టే," అని చెప్పి, మళ్ళీ కత్తి అందుకున్నాడు.