ఎన్ని ఆకులకు ఎంత కోడి?

మా ఇండ్లల్లో దీపావళి లెక్క టపాసులతో మొదలు కాదు, ఆకులతో మొదలవుతుంది. "ఈ తూరి ఎన్ని ఆకులు?" అని అడుగుతారు పెద్దవాళ్లు. అరిటాకులన్న మాట. ఆ పొద్దు ఇంట్లో ఎంతమంది కూర్చుని తింటారో ఆ సంఖ్య తేలితేనే గాని వాన్‌కోడి ఎంత బరువుది కొనాలో తేలదు.

మాది కోవిల్‌పట్టి పక్క కరిసల్ నేల. నల్లరేగడి, సజ్జ, పత్తి, వాన కోసం ఎదురుచూపు. మన వాళ్లు తెలుగు నేల విడిచి ఇంత దూరం ఎట్లా వచ్చారో ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం'లో తమిళంలో రాశారు. దాని తరువాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. వలస కథ ఆయన రాసిపెట్టారు. పండగ కూర లెక్క మాత్రం ఏ ఇంటిది ఆ ఇంటి వాళ్లే రాసుకోవాలి. మా అవ్వ రాయలేదు, ఆమెకు రాత రాదు. అందుకే నేను రాస్తున్నా.

ముందు పేరు సంగతి. తమిళంలో వాన్‌కోళి. మేము దాన్ని సగం మనదిగా చేసుకుని వాన్‌కోడి అంటాము. ఆంధ్ర వైపు చుట్టాలు టర్కీ కోడి అంటే మా పిల్లలకు నవ్వు. నిజానికి ఆ పక్షి టర్కీదీ కాదు, మనదీ కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో నుంచి స్పెయిన్ వాళ్లు యూరప్‌కు తీసుకుపోయారు. 1612లో గోవా నుంచి ముఖర్రబ్ ఖాన్ తెచ్చి ఇచ్చిన వింత జీవాల్లో ఇదీ ఉంటే, జహంగీర్ పాదుషా దాన్ని చూసి ఆశ్చర్యపోయి మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. మనము ఉత్తరం నుంచి నడిచి వచ్చామని గొప్పగా చెప్పుకుంటాము గదా, ఈ కోడి మనకంటే ఎంతో దూరం వచ్చి మన పెరట్లో వేపచెట్టు కింద మేస్తా ఉంది.

తమిళనాట దీపావళి తెల్లవారుజామున తలకు నూనె పెట్టుకుని స్నానం, కొత్త బట్టలు, ఆ తరువాత ఇడ్లీ, కోడికూర. అమావాస్య అదే రోజు పడితే కొందరు కూర మరునాటికి జరుపుతారు. నోము ఉన్న ఇండ్లల్లో ఆ పొద్దు మాంసం ముట్టరు. మా ఇంట్లో నోము లేదు, కాబట్టి వాన్‌కోడి ఉండేది. ఇల్లంతా కలిసి ఉన్న కాలంలో నాటుకోళ్లు కోస్తే ఎనిమిదో పదో కోయాలి. దానికన్నా ఒక్క పెద్ద పుంజు మేలని తాత తెచ్చిన పద్ధతి ఇది.

అవ్వ లెక్క ఇట్లా ఉండేది. పెద్ద ఆకుకు కాలు కిలో, పిల్లల ఆకుకు దాంట్లో సగం. ఇది ఎముకతో కూడా, కోసి కడిగిన కూర బరువు. ప్రాణంతో ఉన్న కోడిలో ఈకలు, నెత్తురు, పేగులు పోను నాలుగింట మూడు వంతులు మిగులుతుంది. నేను చిన్నగా ఉన్నప్పుడు మా ఇంట్లో 18 పెద్ద ఆకులు, 8 చిన్న ఆకులు. నాలుగున్నర కిలోలు, ఒక కిలో, మొత్తం ఐదున్నర. ఆ పైన అరకిలో "చెప్పని ఆకులకు" అనేది. కోడిని కోసి ఇచ్చిన మనిషికి, బట్టలు ఉతికే ఆమెకు, ఆ పూట ఎవరైనా గడప తొక్కితే వాళ్లకు. అంటే ఆరు కిలోల కూర. అంత రావాలంటే ఎనిమిది కిలోల పుంజు కావాలి. తక్కెడ లేకుండా, కాగితం లేకుండా, ఆమె నోటితోనే ఈ లెక్క చెప్పేసేది.

కొనేటప్పుడు బరువొక్కటే చూస్తే కుదరదు. ఎనిమిది కిలోల పుంజు అంటే ముదురుది కూడా కావచ్చు. ముదురు పుంజు ఎంత ఉడికినా తొడలో నరాలు తాళ్ల మాదిరి సాగుతాయి. అవ్వ ముందు కాలు చూసేది. వెనక ముల్లు గుండీ మాదిరి మొద్దుగా ఉంటే లేతది, పొడుగ్గా మొన తేలి ఉంటే ముదురుది. తరువాత రొమ్ము ఎముక కొసను వేలితో నొక్కేది. వంగితే లేతది, రాయి మాదిరి ఉంటే ఏండ్లు నిండినది. రొమ్ము మీద వెంట్రుకల కుచ్చు ఎంత పొడుగు వేలాడితే వయసు అంత ఎక్కువ. చివరికి మెడ కింద మేతసంచి తడిమేది. అమ్మే వాళ్లు తెల్లవారే ముందు గింజలు, నీళ్లు నిండా పట్టించి తెస్తారు, ఆ బరువుకూ మనమే డబ్బు ఇస్తాము. సంచి ఉబ్బి ఉంటే అవ్వ, "దీని కడుపులో ఉండే సజ్జలకు వేరే ధర చెప్పు నాయనా" అనేది. అమ్మేవాడు నవ్వి, పావు కిలో తగ్గించేవాడు.

ఇంకో కొలత గుండిగ. మా పెద్ద గుండిగలో ఆరు కిలోల కూర, దాని మసాలా, పులుసు సరిగ్గా పట్టేది. అంతకు మించితే రెండు పొయ్యిలు, రెండు రుచులు, రెండు పక్షాల పోట్లాట. ఈకలు పీకి, పసుపు పూసి, గడ్డి మంట మీద తిప్పి కాలుస్తారు. తోలు తీయరు. మంచినూనె, ఎర్రగడ్డలు, తెల్లగడ్డ, రోట్లో నూరిన మిరియాలు, ధనియాలు. కందనకాయ తాతకు, కార్జం పిల్లలకు. ఈ పంపకంలో మార్పు ఉండేది కాదు.

ఆస్తి పంపకంలో మాత్రం మార్పు వచ్చింది. తాత పోయినాక పాలు పంచుకునేటప్పుడు ఒక బావి నీళ్ల వంతు దగ్గర మాట తేడా వచ్చి, మా చిన్నత్త వాళ్లు రావడం మానేశారు. రెండు వీధుల అవతలే ఇల్లు. పెండ్లిండ్లల్లో ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్లు. అయినా అవ్వ దీపావళి లెక్కలో ఆ ఇంటి నాలుగు ఆకులు తీసేయలేదు. "వాండ్లు వచ్చేది రానిది వాండ్ల ఇష్టం. లెక్కలో నుంచి తీసేది నా చేతిలో లేదు" అనేది. ఒక కిలో కూర ఎక్కువ రావాలని అంతకు తగ్గ కోడినే కొనిపించేది. మధ్యాహ్నం క్యారియర్‌లో పెట్టి పంపేది. అది తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా రాదు, అడుగు గిన్నెలో గుప్పెడు చక్కెరో, నాలుగు అరిసెలో ఉంటాయి. మాటలు లేవు గానీ గిన్నె తిరుగుతా ఉండేది.

మూడేండ్ల కిందట అవ్వ పోయింది. ఆ దీపావళి తలపెట్టుకోలేదు. మరుసటి ఏడు నాటుకోడితో సరిపెట్టాము, క్యారియర్ పోలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, మేమూ అనలేదు. అట్లా ఆగిపోయేది ఆగిపోయింది.

ఈ ఏడు మా ఇంట్లో ఆకులు తొమ్మిది. ఏడు పెద్దవి, రెండు చిన్నవి. అవ్వ లెక్క ప్రకారం సరిగ్గా రెండు కిలోల కూర. మా అన్న కాగితం తీసి, "రెండు నాటుకోళ్లు చాలు గదా పాపా, వాన్‌కోడి ఎందుకు? నాలుగు కిలోల పెట్ట తెస్తే మూడు కిలోల కూర. కిలో ఎవరు తింటారు?" అన్నాడు. లెక్క ఆయనదే కరెక్టు. ఆ మిగిలే కిలో ఎవరిదో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరమూ ఆ పేరు ఎత్తలేదు.

ఆ వారంలోనే అన్న కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసింది. అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. ఇండ్లకు పోలేని స్నేహితులు ఎనిమిది మంది దాని గదిలో కలుస్తారంట. "అత్తా, అవ్వ లెక్క చెప్పు. ఎంత బరువుది కొనాలి?" అంది. నేను చెప్పిన కాలు కిలో లెక్క విని, "ఇక్కడ మనిషికి ఒక పౌండు నుంచి ఒకటిన్నర పౌండు అంటారే" అంది. ఒకటిన్నర పౌండు అంటే దాదాపు 680 గ్రాములు. మనకు మూడు ఆకుల కూర అది.

ఇద్దరమూ కూర్చుని కూడితే తెలిసింది, రెండు లెక్కలూ సరైనవే. అక్కడ కోడే భోజనం, మనకు కోడి ఇడ్లీకి తోడు. అక్కడ ఓవెన్‌లో వండిన కోడిని పలకలుగా కోసి వడ్డిస్తారు, ఎముక బరువు ఆకులోకి రాదు. ఇక్కడ ఎముకతోనే ముక్క, పులుసులో నలుగురికి సాగుతుంది. అక్కడ మరునాడు రొట్టెలో పెట్టుకోవడానికి మిగలాలని కొంటారు. ఫ్రిజ్ లేని కాలపు అవ్వకు మిగలడమంటే భయం. ఇంకో తేడా, అంగట్లో గడ్డకట్టించి అమ్మే కోడి మీద రాసిన బరువు శుభ్రం చేసిన తరువాతది. నాలుగింట మూడు వంతుల లెక్క అక్కడ వేయకూడదు. ఎనిమిది మందికి 12 పౌండ్లది తీసుకోమన్నా, ఐదున్నర కిలోలకు కొంచెం తక్కువ. చిన్న కోడిలో మాంసంతో పోలిస్తే ఎముక వంతు ఎక్కువ, కాబట్టి ఒకటిన్నర పౌండు లెక్కే మంచిది. ఓవెన్ లోపలి కొలత ముందే చూసుకోమన్నా. మనకు గుండిగ ఎట్లానో దానికి ఓవెన్ అట్లా. గడ్డ కరగడానికి ఫ్రిజ్‌లో నాలుగైదు పౌండ్లకు ఒక రోజు పడుతుంది, 12 పౌండ్లకు మూడు రోజులు. ఆదివారం రాత్రే కింది అరలోకి దించమన్నా. ఉడికిందో లేదో చూడడానికి తొడ మందంలో గుచ్చే థర్మామీటర్ 165 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించాలి. అవ్వ అయితే తొడను గిల్లి చెప్పేది.

చిన్న ఇండ్లకు చిన్న కోడి కావాలన్న మాట అమెరికాలో కూడా పాతదే. 1930లలో అక్కడి పక్షులు మరీ పెద్దవై చిన్న కుటుంబాల ఓవెన్‌లో, ఐసుపెట్టెలో పట్టడం లేదని, వాళ్ల వ్యవసాయ శాఖ మేరీల్యాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో ఒక చిన్న తెల్ల జాతిని తయారు చేసింది. బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్ అంటారు. అదే జాతిని మన నల్ల నాటు వాన్‌కోడితో కలిపి తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు నందనం టర్కీ-1ను తెచ్చారు. ఇల్లు చిన్నదవుతుంటే కోడిని చిన్నది చేయడం మనుషులందరికీ తోచిన ఉపాయమే.

పిల్లతో మాట్లాడి ఫోన్ పెట్టే ముందు అది ఒక మాట అడిగింది. "ఎనిమిది మందే అత్తా, కానీ మా ప్రొఫెసరమ్మ ఒక్కతే ఉంటుంది, చెప్పలేదు, రాదేమో. ఆమెను లెక్కలో పెట్టుకోనా?" నేను పెట్టుకోమన్నా. స్పీకర్‌లో ఉన్న ఫోన్ కాబట్టి అన్న కూడా విన్నాడు. కాసేపు కూర్చుని, లేచి చెప్పులు తొడుక్కుంటూ, "నాలుగు కిలోలది తెస్తా. పెట్టే మేలు, లేతగా ఉంటుంది" అని పోయాడు.

తెచ్చిన పెట్ట నాలుగు కిలోల వంద. మూడు కిలోల కూర అయింది. పండగ మధ్యాహ్నం క్యారియర్ కట్టింది నేను, పట్టుకుపోయింది అన్న. గడప దగ్గరే ఇచ్చేసి వచ్చానన్నాడు, లోపలికి పిలిచారో లేదో చెప్పలేదు. రెండు రోజుల తరువాత చిన్నత్త మనవడు సైకిల్ మీద క్యారియర్ తెచ్చి ఇచ్చాడు. అడుగు గిన్నెలో అరిసెలు ఉన్నాయి, లెక్కపెడితే తొమ్మిది. మా ఇంట్లో ఎంతమందిమో ఆమెకు గుర్తుంది.

పిల్లలు అడిగితే చెప్పడానికి ఇక్కడ రాసి పెడుతున్నా. పులుసు కూరకు పెద్దవాళ్లకు 250 గ్రాములు, పిల్లలకు 125. ప్రాణంతో కొంటే మూడో వంతు కలుపుకోండి. ఓవెన్‌లో వండితే మనిషికి ఒకటి నుంచి ఒకటిన్నర పౌండు. పది మందికి మించితే ఒక ముదురు పుంజు కన్నా రెండు లేత పెట్టలు నయం. ఆ పైన చెప్పని ఆకులు ఎన్నో మీ మీ ఇండ్లల్లో మీకే తెలుసు. వాటిని కూడిన తరువాతే సంతకు పోండి.