మధ్యలో ఆగిన పని

పెద్ద సంస్థల లెక్కలు నేడు కాగితపు ఖాతా పుస్తకాలలో కాక కంప్యూటర్లలో సాగుతున్నాయి. 1972లో జర్మనీలో స్థాపితమైన శాప్ సంస్థ రూపొందించిన సాఫ్ట్‌వేర్ ఇందుకు ఎన్నో దేశాలలో వాడుకలో ఉన్నది. దానిని నేర్పే అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు మన హైదరాబాదు విద్యార్థులకు సుపరిచితాలే. తెర ముందు ఎవరూ కూర్చోకుండానే, నిర్ణీత వేళకు తమంతట తాము నడిచే పనులు అందులో కొన్ని ఉంటాయి. వాటిని బ్యాక్‌గ్రౌండ్ జాబులంటారు. వాటిని కనిపెట్టి ఉండడమే నా ఉద్యోగం.

ఒక నెలాఖరు రాత్రి, సరుకులు సరఫరా చేసిన చిన్న వ్యాపారుల బిల్లులను ఖాతాలకెక్కించే జాబును, ఎంతకూ ముగియడం లేదని ఎవరో చేతితో ఆపివేశారు. తెల్లవారేసరికి చెల్లింపుల జాబితా సిద్ధం కావాలి. ఆ సొమ్ము అందితే గాని తమ పనివారికి కూలి ఇవ్వలేని వ్యాపారులు అందులో ఉన్నారు.

"మళ్ళీ మొదటి నుంచి నడిపించండి, ఆలస్యమెందుకు?" అన్నారు అధికారి ఫోనులో.

"కొంచెం వ్యవధి ఇవ్వండి సార్. ఎంతవరకు నడిచిందో చూసి చెబుతాను" అన్నాను.

ఎస్.ఎం.37 అనే తెర ఆ జాబు ఇంకా నడుస్తున్నట్లే చూపుతున్నది. ఎస్.ఎం.66లో వెదకగా దానిని నడిపే వర్క్ ప్రాసెస్ ఏదీ లేదు. ప్రాణం పోయినా పేరు మాత్రం జాబితాలో మిగిలిందన్న మాట. స్థితిని సరిచూడమని ఆజ్ఞ ఇవ్వగా రద్దయినట్లు మారింది. ప్రోగ్రాం లోపాన్ని తెలిపే డంపు ఎస్.టి.22లో కనబడలేదు. ఎస్.ఎం.12లో ఆ జాబు వేసిన తాళాలేవీ మిగలలేదు.

అసలు చిక్కు ఆ తరువాతది. జాబు ఆగినప్పుడు, కమిట్ కాని మార్పులను డేటాబేస్ వెనక్కు తీసుకుంటుంది. కమిట్ అయినవి స్థిరంగా నిలుస్తాయి. ఆ ప్రోగ్రాం ఒక్కొక్క బిల్లుకు ఒక్కొక్క కమిట్ చేస్తుంది. ఎక్కిన బిల్లును మరల గుర్తించే ఏర్పాటు దానిలో లేదు. సగానికి పైగా బిల్లులు అప్పటికే ఖాతాలకు ఎక్కి ఉన్నాయి. మొదటి నుంచి నడిపితే అవన్నీ రెండవసారి ఎక్కేవి. ఒకే బిల్లుకు రెండు చెల్లింపులు జరిగేవి.

ఎక్కిన వాటిని పక్కకు తీసి, మిగిలిన వాటికే జాబు నడిపించాము. తెల్లవారకముందే జాబితా సిద్ధమైంది. జాబులో దోషమేమీ లేదు. నెలాఖరున బిల్లులు ఎక్కువై ఆలస్యమైంది, అంతే.

విద్యార్థి మిత్రులారా! ఈ వృత్తిలోనికి రాదలచినవారు ఆగిన పనిని తిరిగి ప్రారంభించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు, ఎందుకు ఆపారు? ఎంతవరకు జరిగింది? మరల నడిపితే జరిగినదే మళ్ళీ జరుగుతుందా? ఆపడానికి ఒక మీట చాలు. ఆపిన చోటును తెలుసుకోవడానికి మాత్రం ఓర్పు కావాలి. ఎక్కడో ఒక దుకాణంలో సకాలంలో చేతికందే కూలి ఆ ఓర్పుపైనే ఆధారపడి ఉంటుంది.