లాంచీ కింద క్యాంపస్

గుంటూరు నుంచి వచ్చే పాసింజరు మాచర్లలో ఆగిపోతుంది. ఆపైన నాగార్జునసాగర్ బస్సే. మాచర్లను ఒరుసుకుని పారే చంద్రవంక దారిలో ఎత్తిపోతల దగ్గర లోయలోకి దూకేస్తుంది. మనం విజయపురి సౌత్‌లో దిగుతాం. నాగార్జునకొండకు లాంచీ ఇక్కడే ఎక్కాలి. నా మాట వింటే మాత్రం ముందు అనుపుకు ఆటో మాట్లాడుకోండి.

అనుపులోని కట్టడాలను జనం విశ్వవిద్యాలయం అంటారు. శాసనాలు మాత్రం విహారాలనే చెబుతాయి. నడుమ స్తంభాల మండపం, చుట్టూ వరసగా గదులు: ట్రంకుపెట్టెలూ మంచాలూ లేవు గానీ అచ్చం మన హాస్టలే. పక్కనే రాతిమెట్ల రంగస్థలం. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టకుండా ఎవరూ వెనక్కి రారు. ఇవన్నీ నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్లలో మునిగిపోతుందని తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టినవి.

మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు విజయపురి నుంచి ఏలిన రోజుల్లో ఆ లోయలో బౌద్ధుల కట్టడాలు ముప్ఫైకి పైగా ఉండేవి. మూడు పక్కల కొండలు, నాలుగో పక్క కృష్ణ, నడుమ దాదాపు 23 చదరపు కిలోమీటర్ల నేల. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఇంత మేర దారులు ఎలా తెలిసేవి?

విహారం ఎవరు కట్టించారో చెబితే చాలేమో. మహాదేవి భటిదేవి కట్టించింది బహుశ్రుతీయులనే బౌద్ధశాఖది. కొడబలిసిరి కట్టించింది మహీశాసకులది. చాంతిసిరి నిలబెట్టిన మహాచైత్యం దగ్గర అపరమహావినసేలీయులు. చాంతమూల మహారాజు అశ్వమేధం చేస్తే, ఆ ఇంటి ఆడవాళ్లు విహారాలు కట్టించారు. అడ్రసులన్నీ వాళ్ల పేర్ల మీదే నడిచాయి.

నన్ను అడిగితే ఈ క్యాంపస్‌కు అసలు మ్యాపు బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం నాటిది. చుళధమ్మగిరి అనే గుట్ట మీద సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి, అంతకుముందు తాను ఎక్కడెక్కడ ఏమేం ఇచ్చిందో ఆమె పద్దు రాసినట్టు చెక్కించింది: కులహ విహారంలో చైత్యగృహం, సింహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం, మహాధమ్మగిరి మీద ఒక గది, మహావిహారంలో మండప స్తంభం, దేవగిరి మీద ధ్యానశాల. వరస ఘంటసాల దాకా సాగుతుంది. ఆ సింహళ ఆచార్యులు బౌద్ధంలోకి తెచ్చిన దేశాల జాబితా కూడా అందులోనే ఉంది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, ద్రవిడ... నరసరావుపేటలో చదవడానికి కారెంపూడి నుంచి కాలేజీ బస్సులో వచ్చే పిల్లలకు ఈ ఆచార్యుల దూరాలు లెక్కకు అందవు.

ఇవన్నీ మట్టి కింద మరుగునపడి ఉంటే సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఒక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశాడు. 1926లో శాసన పరిశోధకులు వచ్చి చూశారు. పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు ఆ తర్వాతే. 1955లో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. నీళ్లొచ్చేలోగా 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం లోయంతా తవ్వి, వీలైనవాటిని పైకి చేర్చింది. పంతులుగారి పేరు ఊళ్లో ఎందరికి గుర్తుందో!

ఇక లాంచీ. మహాచైత్యం, స్నానఘట్టం, మ్యూజియం అన్నీ ఇప్పుడు కొండ మీదే. ఒకప్పుడు ఈ విహారం నుంచి ఆ విహారానికి కాళ్లీడ్చుకుంటూ పోయిన దారులు లాంచీ అడుగున ఉన్నాయి. ఎక్స్‌కర్షన్ పిల్లలు రెయిలింగ్ మీదికి వంగి నీళ్లలోకి చూస్తుంటారు, సరంగు వెనక్కి జరగమని కేకలేస్తుంటాడు.