దాచిన కబురు

మేం సియాచిన్ ఎక్కేనాటికి అక్కడ కాల్పులు లేవు. 2003 నవంబరు నుంచి రెండు వైపులా తుపాకులు ఆగాయి. ప్రాణాలు తీసేది చలీ, పలచటి గాలీ, మంచుచరియలే. బేస్ క్యాంపులోని బాటిల్ స్కూల్లో మంచుగోడలు ఎక్కడం నేర్పారు. జవాన్లు తమను కాపాడతాడని నమ్మే ఓపీ బాబా గుడి ముందు రిపోర్టు చెప్పుకుని, అందరం ఒకే తాడుకు కట్టుకుని, మంచు పగుళ్ళు దాటుకుంటూ 19,000 అడుగుల పైనున్న పోస్టుకు చేరాం.

మాది శ్రీకాకుళం జిల్లా. కిరోసిన్ పొగకు ఉమ్మి నల్లబడుతుందనీ, అన్నం సహించదనీ, నిద్ర పట్టదనీ ముందు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే పంపారు. నడిపించేవాడు నోరు విప్పకపోతే ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా పోస్టు కమాండర్ చెడ్డవారు కాదు, పిరికివారు అంతకన్నా కాదు. చెడు కబురు వింటే జవాన్లు డీలా పడతారని ఆయన నమ్మకం. మాలో అందరికన్నా చిన్నవాడికి హాపో అనే జబ్బు వచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కిందికి దించడమే అసలు వైద్యం. రాత్రిపూట హెలికాప్టర్ వచ్చేది కాదు. ఆక్సిజన్ పెట్టి, తెల్లవార్లూ వంతులేసుకుని పక్కన కూర్చున్నాం. దగ్గినప్పుడల్లా నురగ. పొద్దున మబ్బు విడాక చీతా హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది. ఎలా ఉన్నాడు సాబ్ అంటే, "సబ్ ఠీక్ హై" అన్నారు. ఎప్పుడడిగినా అదే మాట.

రేడియో ఆపరేటర్ మా కళ్ళలోకి చూడడం మానేశాడు. దాంతో మాకు అర్థమైంది. అర్థమైంది పైకి అనలేక ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం తగ్గించేశాం. మన బదులు రావలసిన రిలీఫ్ రాదట, మన సంగతి కింద ఎవరికీ పట్టదట అని పుకార్లు మొదలయ్యాయి. సెంట్రీ దిగినవాడు తడి మేజోళ్ళతోనే పడుకునేవాడు. మార్చుకోరా అనే ఓపిక పక్కవాడికీ లేదు. ఆ ఎత్తులో చలికి కాలివేళ్ళు పోవడానికి ఆ మాత్రం నిర్లక్ష్యం చాలు. ఇద్దరికి పోయాయి.

తర్వాత కమాండర్ మారారు. కొత్తగా వచ్చిన కెప్టెన్ మాలో చాలామందికన్నా చిన్నవారు. వచ్చిన సాయంత్రమే అందర్నీ స్టవ్ చుట్టూ కూర్చోబెట్టారు. "మీ తమ్ముడు బతకలేదు. కిందికి దించిన రోజే పోయాడు. మనవాళ్ళే ఊరిదాకా తోడు వెళ్ళారు" అన్నారు. ఏడ్చాం. ఊరుకోమనలేదాయన. చాలాసేపటికి, కిరోసిన్ ఎంత మిగిలిందో, రిలీఫ్ ఎందుకు ఆలస్యమవుతోందో, తనకూ తెలియనిదేమిటో చెప్పారు. మర్నాడు ఎవరూ పిలవకుండానే అందరం పారలు పట్టుకుని మంచు తియ్యడానికి లేచాం.

అప్పట్నుంచి కింది నుంచి వచ్చిన ప్రతి కబురూ ఆ సాయంత్రమే ఆయన నోటే విన్నాం. ముందు తన మేజోళ్ళు విప్పి చూపించి, తర్వాత టార్చి వేసి మా కాలివేళ్ళు ఒక్కొక్కటీ చూసేవారు. హిందీ రాని కుర్రాడి ఇంటి సంగతులు నా చేత అడిగించి తెలుసుకునేవారు.

రిలీఫ్ ఆయన అనుకున్నదానికన్నా ఆలస్యంగానే వచ్చింది. ఎవరూ గొణగలేదు. ఆయన వచ్చాక మా పోస్టులో ఇంకెవరికీ వేలు పోలేదు.

పటాలాల్లో జవాన్ల మాట వినడానికి సైనిక్ సమ్మేళన్ జరుగుతుంది. జవాను లేచి కమాండింగ్ ఆఫీసర్నే అడగొచ్చు. నిజం చెబుతారన్న నమ్మకం లేనిచోట ఎవడూ లేవడు. మా వైపు నుంచి సుబేదార్లుగా, ఆఫీసర్లుగా ఎదుగుతున్న పిల్లలూ, చావు కబురైనా సరే, మీ జవాన్లకు అదే రోజు, మీ నోటితో చెప్పండి.