నడుం వంచొద్దన్నారు

చెప్పు జారిపోయిన సంగతి నాకు తెలియనే లేదు. కాలేజీ మెట్లు దిగి గేటు దాకా వచ్చేశాక వెనకనుంచి ఒక విద్యార్థిని దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, "మేడం, మీ చెప్పు" అంటూ. ఎడమ బొటనవేలు వారం రోజులుగా మొద్దుబారి ఉంది. నడుంనుంచి పిర్ర మీదుగా, తొడ పక్కనుంచి పాదం దాకా తీగ పట్టి లాగినట్టుండే నొప్పికి అప్పటికి ఐదు నెలల వయసు.

ఆ ఐదు నెలల్లో చెప్పుకోకుండా ఏమీ లేను. మొదట చూపించుకున్న డాక్టరు నా కాలు ముట్టుకుని చూడలేదు. "ఈ వయసులో ఆడవాళ్లకి మామూలేనమ్మా, బరువు తగ్గండి, కాల్షియం వాడండి" అన్నారు. నాకు నలభై ఏడు. ఇక అమ్మ, పిన్ని, స్టాఫ్‌రూంలో తోటివాళ్లు అందరూ ఒకే కారణం చెప్పారు: పాప పుట్టినప్పుడు సిజేరియన్‌కి వెన్నులో ఇచ్చిన మత్తు సూది. మనలో చాలామంది నడుం నొప్పుల నేరం ఆ సూది మీదే ఉంటుంది. దానికీ, ఏళ్ల తర్వాత వచ్చే నొప్పికీ సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదని తర్వాత చదివాను. అయినా ఆ నమ్మకం ఎందుకంత గట్టిదో అర్థమవుతుంది. సూది ఒక్కసారి పొడిచారు, గుర్తుంటుంది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు వంగి ఎత్తిన బిడ్డకీ, బిందెకీ, గ్యాస్ బండకీ, పరుపులకీ, జవాబు పత్రాల కట్టలకీ తేదీలు లేవు.

ఎమ్మారై తీయించాక మా ఆయన ఆ ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టుకుని చూసి "ఇంత ఉందా!" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. కానీ ఐదు నెలలు నా నోటితో చెప్పిన మాటకి లేని విలువ ఒక బూడిదరంగు మచ్చకి ఒక్క నిమిషంలో వచ్చింది. నాకు ఊరటగానూ ఉంది, ఉక్రోషంగానూ ఉంది.

సర్జన్ ఓపిగ్గా చెప్పారు. రెండు పూసల మధ్య ఉండే డిస్కుకి బయట గట్టి పీచు కట్టు, లోపల మెత్తటి గుజ్జు. ఆయన కారు టైరుతో పోల్చారు గానీ నాకు తాటిముంజె తట్టింది. ఒకవైపు గట్టిగా నొక్కితే ఇంకోవైపు చిట్లి గుజ్జు బయటకొస్తుంది. నా నాలుగో, ఐదో నడుం పూసల మధ్య అలాగే అయింది. బయటికొచ్చిన ముక్క కాలికి వెళ్లే నరాన్ని నొక్కుతోంది. మడమల మీద నిలబడమన్నారు. కుడి పాదం లేచింది, ఎడమది లేవలేదు. మూత్రం సరిగ్గా వస్తోందా, తొడల మధ్య స్పర్శ తెలుస్తోందా అని రెండుసార్లు అడిగారు. అవి పోతే గంటల మీద ఆపరేషన్ చేయాలట. ఆడవాళ్లు సిగ్గుపడి ఆ సంగతి చెప్పకుండా ఆలస్యం చేస్తారని ఆయన అంటుంటే, అడిగే తీరులో అడిగితే ఎందుకు చెప్పరు అనుకున్నాను.

చదువు చెప్పేదాన్ని కదా, నాలుగు వ్యాసాలు తిరగేశాను. డిస్కు ముక్క నరాన్ని నొక్కడం వల్లే ఈ కాలి నొప్పి వస్తుందని మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ సర్జన్లు 1934లోనే రాశారు. నెదర్లాండ్స్‌లో 283 మందిని గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది గడిచేసరికి ఆగినవాళ్లూ, ఆగనివాళ్లూ దాదాపు ఒకలాగే ఉన్నారు. అంటే చాలామందికి ఆగినా నష్టం లేదు. పాదం బలం తగ్గుతున్నప్పుడు మాత్రం ఆ లెక్క మారుతుంది. నాకు మారింది.

ఆసుపత్రి గోడ నిండా "కీహోల్ సర్జరీ" బోర్డులే. చిన్న గాటు, చిన్న మచ్చ, త్వరగా ఇంటికి. మాట నిజమే. సన్నటి గొట్టాన్ని ఒకదాని మీద ఒకటి దించుతూ కండరాన్ని కొయ్యకుండా పక్కకి జరుపుతారు. మైక్రోస్కోపులో చూస్తూ కాస్త ఎముక తొలిచి, నరాన్ని మెల్లగా తప్పించి, బయటికొచ్చిన ముక్కని తీసేస్తారు. అయితే ఈ గొట్టం పద్ధతినీ మామూలు మైక్రోస్కోపు ఆపరేషన్నీ పక్కపక్కన పెట్టి, అదే దేశంలో 328 మంది మీద చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో గొట్టం పద్ధతి మెరుగని తేలలేదు. ఈ మాట అడిగితే సర్జన్ నవ్వి, "గాటు ఎంతన్నది కాదమ్మా, లోపల ఏం చేశామన్నది ముఖ్యం" అన్నారు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

అడ్మిషన్ కౌంటర్ దగ్గర అమ్మాయి అంగీకార పత్రం నా చేతుల మీదుగా మా ఆయనకిచ్చింది. "నేను సంతకం చేస్తాను" అన్నాను. "సార్‌ది కావాలి మేడం, రూల్" అంది. సమీరా కోహ్లి కేసులో 2008లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో నేను క్లాసులో పాఠంగా చెప్పినదాన్ని. మత్తులో ఉన్న ఆమెకి తెలియకుండా తల్లి సంతకంతో గర్భసంచి తీసేస్తే, తెలివిలో ఉండి నిర్ణయించుకోగల మనిషి విషయంలో ప్రాణాపాయం లేనప్పుడు ఇంకొకరి అంగీకారం చెల్లదన్నది ఆ తీర్పు. ఇదంతా ఆ అమ్మాయికి చెబుదామనుకున్నాను. కానీ కౌంటరుకి ఆనుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. నేను సంతకం చేశాను, ఆయన కింద ఇంకో సంతకం చేశారు. పోట్లాడలేదు. నొప్పితో ఉన్నవాళ్ల చేత ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించొచ్చు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గంటకి పైగా పట్టిందట. మెలకువ వచ్చేసరికి కాలిలో తీగ లేదు. సాయంత్రం నడిపించారు. గాటు అంగుళం లేదు. మూడోరోజు ఇంటికి పంపిస్తూ చీటీ మీద రాసిచ్చారు: ఆరు వారాలు నడుం వంచకూడదు, బరువెత్తకూడదు, ఎక్కువసేపు కూర్చోకూడదు. చిట్లిన చోటు తనంతట తను మానాలి, నూటికి ఐదు నుంచి పదిహేనుమందికి మళ్లీ అక్కడే జారుతుంది, జాగ్రత్త అన్నారు.

నడుం వంచకూడదు! చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను తిట్టిన మొదటి తిట్టు "నడుం వంచదు" అనే. మన భాషలో నడుం వంచడమంటేనే పని చెయ్యడం. నడుం కట్టాలి, నడుం విరగ్గొట్టుకోవాలి, అన్నీ అయ్యాక కాసేపు నడుం వాల్చాలి. చీటీలో రాసినదాన్ని మా ఇంట్లోకి తర్జుమా చేస్తే ఆరు వారాలు ఆడమనిషిగా ఉండొద్దని. 2024లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే లెక్కలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఆ 289లో వంగనివి ఎన్నో ఆ సర్వేలో లేదు.

మా ఆయన నాలుగు రోజులు ఊడ్చారు. అయిదో రోజు, "ఆవిడకి ఇంకో గంట ఎక్కువ ఉండమని చెబుదాం, ఎనిమిది వందలు కలుపుదాం" అన్నారు. నేను సరేనన్నాను. ఇక్కడ నేను దాచుకోవడానికేమీ లేదు, హాయిగా అనిపించింది.

ఆవిడ అంటే మా ఇంట్లో పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. పేరు రాయొద్దంది. అయిదిళ్లు చేస్తుంది. మూడో వారంలో నేను మంచం మీద వెల్లకిలా పడుకుని, "మంచం కింద కూడా తుడువు" అన్నాను. ఆవిడ గొంతుక్కూర్చుని ముందుకి వంగి, చెయ్యి చాపి తుడిచి, లేవబోయి లేవలేక మంచం కోడు పట్టుకుంది.

"నాకూ ఇట్టానే లాగుద్దమ్మగారూ. పిర్ర కాణ్ణుంచి మడమ దాకా. రెండేళ్ల నించి."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు గదా. సూదేయించుకుంటన్నా, మా వీధి ఆరెంపీ దగ్గర. రెండ్రోజులు తగ్గుద్ది." కాసేపాగి, "మీకు ఫొటో తీశారు గదా, నాది గూడా అట్టానే ఉంటదా?" అంది.

ఐదు నెలలు నన్నెవరూ అడగలేదని ఉక్రోషపడ్డదాన్ని. రెండేళ్లు నేను ఆవిణ్ణి అడగలేదు.

ఆరు వారాలయ్యాక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఎమ్మారైకి నెల తర్వాత తేదీ ఇచ్చారు. ఆవిడకి నాకన్నా ఒక పూస కింద జారింది, పాదం బలం మాత్రం బాగానే ఉంది. డాక్టరు ఆపరేషన్ తొందరేం లేదు, ఆరు వారాలు బరువులెత్తకుండా, వంగకుండా, వ్యాయామం చేస్తూ చూద్దామన్నారు. నేను చదివిన వ్యాసాలన్నీ చెప్పేది అదే, సరైన సలహా. ఆవిడ డాక్టరు ముందే పకపకా నవ్వింది.

మా ఇంట్లో ఆరు వారాల జీతం ఇచ్చేశాం. మిగతా నాలుగిళ్లలో ఒకరు రెండు వారాలకి ఒప్పుకున్నారు. మూడిళ్లవాళ్లు వేరే మనుషుల్ని చూసుకున్నారు. పొడుగు కర్ర ఉన్న మాప్ ఒకటి కొన్నాను. మూలలకి పోదని ఆవిడకి అది నచ్చలేదు. ఆ ఆరు వారాలూ దాంతో తుడిచింది మేమిద్దరమే, ఆయన మూడు రోజులైతే నేను నాలుగు. మూలలు అలాగే ఉండిపోయాయి.

ఆవిడ నాలుగో వారానికే పనిలోకి వచ్చేసింది. పోయిన ఇళ్లలో ఒకటి తిరిగి దొరికింది. ఎమ్మారై ఫిల్మును మాత్రం కవరుతో సహా గుమ్మం పక్కన మేకుకి తగిలించింది. "చెదలు పడతాయి, లోపల పెట్టుకోవే" అంటే, "ఉండనీండమ్మగారూ, మా ఆయన తాగొచ్చి పని ఎగ్గొడుతున్నావన్నప్పుడు చూపిస్తన్నా" అంది.